చూఫూలోని గురుమందిరము

చైనా దేశమున షాన్‌డోంగ్ రాష్ట్రమందు చూఫూ అను చిన్న పట్టణము కలదు. అది పూర్వము లూ రాజ్యమునకు రాజధాని. క్రీ. పూ. 551లో ఆ ప్రాంతమున జన్మించి, ధర్మపాలనమును ప్రభువులకు బోధింపవలెనని రాజ్యములు తిరిగి, ఏ ప్రభువును తన మాట కడదాక వినకపోగా స్వస్థలమునకు మరలివచ్చి, శిష్యులకు పాఠములు చెప్పుకొనుచు క్రీ. పూ. 479లో దేహము చాలించిన కన్ఫ్యూషియస్ మహాశయుని యిల్లే, ఆయన గతించిన మరుసటి యేట లూ ప్రభువైన ఐ యాజ్ఞచే స్మారకమందిరమైనదని సంప్రదాయము. మూడు గదుల యిల్లు; అందు ఆయన కట్టిన బట్టలు, పెట్టుకొనిన టోపీ, వాయించిన తంత్రీవాద్యము, ఎక్కి తిరిగిన బండి, చదివిన గ్రంథములు. ఆ మూడు గదులే కాలక్రమమున పెరిగి, నేడు పదునాలుగు హెక్టారుల నేలపై నూటికి మించిన కట్టడములతో, ఒకదాని వెనుక నొకటిగా తొమ్మిది ప్రాంగణములతో, ఉత్తర దక్షిణములుగా సుమారు కిలోమీటరు పొడవున సాగిన మహాసముదాయమైనవి. బ్రదికియుండగా ఒక్క కొలువునైనను స్థిరముగా నిలుపుకొనలేకపోయిన ఉపాధ్యాయుని ముంగిట తరువాతి చక్రవర్తులు మోకరిల్లిరి. చరిత్రకు ఇట్టి పరిహాసములనిన ప్రీతి కాబోలు.

అయితే ఈ మందిరమును పురాతనమని పిలుచుటలో ఒక చిక్కు కలదు. మన దేశమున పురాతనాలయమనగా నాటి శిల్పి చేతి ఉలి తాకిన రాయే నేడును మన కంటి యెదుట నున్నదని మనకు నమ్మకము. చూఫూలో ఆ నమ్మకము నిలువదు. క్రీ. పూ. 478 నాటి యింటి వాసమొక్కటియు మిగులలేదు. యాత్రికులు నేడు చూచి అబ్బురపడు ప్రధానమండపము 1730లో పూర్తియైనది. అనగా మన కర్ణాటక యుద్ధములకు ఇంచుమించు ఇరువదేండ్లు మాత్రమే పెద్దది. ప్రాంగణమంతయు గాలించినను 1195కు ముందటి కప్పు ఒక్కటియు కానరాదు. ఐనను దానిని ప్రాచీనమనుట తప్పు కాదని నా యభిప్రాయము. కొయ్య కాలిపోవును, చెదలు తినును; కాని ఏ మండపము ఎచ్చట నుండవలెను, ఎన్ని యంకణములు వెడల్పుండవలెను, దూలము లావెంత, చూరు వ్రేలాటమెంత అను కట్టడి మాత్రము వ్రాతలోను, వడ్రంగుల చేతిలోను, శిలాఫలకములపైనను నిలిచి, కాలిన ప్రతిసారియు మందిరమును మరల లేవనెత్తినది. ఇచ్చట ప్రాచీనమైనది ఆ కట్టడియే.

ఆ చరిత్రను కొంత చూతము. క్రీ. పూ. 213లో చిన్ చక్రవర్తి షి హ్వాంగ్ గ్రంథదహనమునకు ఆజ్ఞాపించినపుడు, కన్ఫ్యూషియస్ వంశమున తొమ్మిదవ తరమువాడైన కుంగ్ ఫూ కొన్ని గ్రంథములను ఇంటిగోడలో దాచి పూడ్పించెననియు, తరువాత హాన్ వంశపు రాజకుమారుడొకడు తన నగరును విస్తరింపగోరి ఆ గోడ పడగొట్టించునపుడు అవి బయటపడెననియు ప్రసిద్ధమైన కథ. ఆ గోడకు జ్ఞాపకచిహ్నముగా నొక గోడ నేటికిని ఆవరణమున తూర్పువైపున నిలిపియున్నారు. అట్లు వెలువడినట్లు చెప్పబడు పాఠములను గూర్చి చైనా పండితులు రెండువేల యేండ్లు వాదులాడుకొనిరి. ఒక గోడ కూలుట వలన ఇంత సాహిత్యవివాదము పుట్టుట అరుదు. విద్వాంసులయెడ బొత్తిగా గౌరవము లేనివాడని పేరుపడిన హాన్ వంశస్థాపకుడు లియూ బాంగ్ సైతము క్రీ. పూ. 195లో చూఫూ మీదుగా పోవుచు ఎద్దును, గొఱ్ఱెను, పందిని బలియిచ్చి ఇచ్చట అర్చన చేసెను. అటుపిమ్మట చరిత్రకారుడు స్సుమా చియెన్ ఈ మందిరమును స్వయముగా దర్శించి, అందలి బండిని, వస్త్రములను, పూజాపాత్రలను చూచితినని తన మహాచరిత్రలో వ్రాసికొనెను. క్రీ. శ. 153, 156, 169 సంవత్సరముల నాటి హాన్ శిలాఫలకములు నేటికిని చదువ వీలగుచున్నవి. వాటి లిపి సొగసును లిపికారులు ఇప్పటికిని ఒరవడిగా దిద్దుకొనుచున్నారు.

టాంగ్ చక్రవర్తి తైజోంగ్ 630లో దేశమందలి ప్రతి మండలమునను కన్ఫ్యూషియస్‌కు మందిరము నిర్మింపవలెనని శాసించెను. 739లో ఆ గురువునకు రాజబిరుద మొసగిరి. రాజబిరుదము వచ్చిన తరువాత ఇల్లు ఇల్లుగా నుండదు గదా. కప్పు, గడప, ద్వారము అన్నియు రాజమర్యాదకు తగియుండవలెను. సోంగ్ వంశపు కాలమున 1018లో మందిరమును విరివిగా పెంచి ప్రధానమండపమును ఉత్తరమునకు జరిపిరి. పాత మండపమున్న తావున, గురువు శిష్యులకు పాఠము చెప్పిన చోటుగా భావింపబడు స్థలమున, నలువది యైదవ తరమువాడైన కుంగ్ దావ్‌ఫూ ఒక వేదికను కట్టించి చుట్టును చెట్లు నాటించెను. 1055లో వంశజ్యేష్ఠునకు ప్రభుబిరుద మేర్పడి, అది 1935 వరకు తరతరములుగా సాగెను. ఇంతలో ఉత్తరము నుండి జుర్చెన్ జాతివారు దండెత్తిరాగా వంశములో నొక శాఖ 1128 ప్రాంతమున దక్షిణమునకు తరలిపోయి ఛూజోవ్ పట్టణమున వేరొక కుటుంబమందిరమును నెలకొల్పెను. వచ్చినవారు చూఫూ మందిరమును కొంత పాడుచేసి, తామే జిన్ వంశముగా సింహాసనమెక్కిన పిమ్మట 1190ల నాటికి దానిని వెనుకటికన్న ఘనముగా కట్టించిరి. 1214లో మంగోలు సైన్యములు దానిని తగులబెట్టెను. ఆ మంగోలుల సంతతియే యువాన్ చక్రవర్తులై 1302 నాటికి మరల నిలిపి, 1331లో రాజప్రాసాదమునకు వలె నాలుగు మూలల బురుజులు కట్టుకొన ననుజ్ఞ నొసగిరి. దోచినవాడే పునరుద్ధారకుడగుట ఈ కథలో ఇన్నిమార్లు జరిగినది గనుక దానిని యాదృచ్ఛికమనలేము. చైనాను ఏలదలచిన వానికి సైన్యముతోబాటు ఈ మందిరపు ఆమోదమును కావలసియుండెను.

మింగ్ కాలమున 1511లో తిరుగుబాటుదారులు మందిరమున గుఱ్ఱములను కట్టివేసిరి. అంతట ప్రభుత్వము చేసిన పని విచిత్రమైనది: మందిరమునకు కాపలా పెంచుటకు బదులు, దూరముననున్న జిల్లా కేంద్రమునే మందిరము చుట్టును తెచ్చి, 1513లో ప్రారంభించి 1522 నాటికి పట్టణప్రాకారమును ముగించిరి. నేటి చూఫూ పాతపట్టణము అట్లు పుట్టినది.

ఇక ఆవరణములోనికి పోదము. మన ఆలయములలో లోనికి పోవుకొలది కప్పు తగ్గి, వెలుతురు సన్నగిల్లి, గర్భగృహమున దీపపుకాంతిలో దేవుడు కానవచ్చును. చూఫూలో క్రమము తారుమారు. దక్షిణమున 1538 నాటి శిలాతోరణము నుండి బయలుదేరినచో, ద్వారము వెనుక ద్వారముగా, సైప్రస్ చెట్ల నడుమ వట్టి ఖాళీస్థలము మీదుగా చాలసేపు నడువవలెను. కట్టడములు తక్కువ, చెట్లు ఎక్కువ. ప్రాచీనవృక్షములే అనేకములున్నవి. పోనుపోను ద్వారములు పెద్దవగును, కట్టడములు దగ్గరగును, కప్పులు ఎత్తగును. ఆ దీర్ఘమైన నడక వ్యర్థము కాదు. చెప్పదలచినదానిని వెంటనే చెప్పక శ్రోతను సిద్ధపరచు నేర్పరి ఉపన్యాసకుని పద్ధతి అది. మధ్యరేఖపై కుయ్‌వెన్ గ్రంథాలయము, దానివెనుక పదుమూడు శిలాఫలకమండపములు, దాచెంగ్ ద్వారము, పాఠవేదిక, దాచెంగ్ మహామండపము, దానివెనుక గురుపత్నికి మందిరము, కడపట గురువు జీవితఘట్టములను 120 రాళ్లపై చెక్కిన 1592 నాటి చిత్రమండపము. ముందు కొలువుకూటము, వెనుక అంతఃపురము అను రాజగృహపు కట్టడియే ఇది. తూర్పున పూర్వీకులకును పడమట తల్లిదండ్రులకును వేరు మందిరములున్నవి. ఉపాధ్యాయునొక్కనినే గాక ఆయన కుటుంబమునంతను మర్యాదక్రమమున కూర్చుండబెట్టిన తావు ఇది. కుటుంబధర్మమును అంతగా బోధించినవానికి అది తగియున్నది.

దాచెంగ్ మహామండపము రెండంతస్తుల అరుగుపై సుమారు 25 మీటర్ల యెత్తున, 46 మీటర్ల వెడల్పున, 25 మీటర్ల లోతున నిలిచియున్నది. వెడల్పు తొమ్మిది యంకణములు, లోతు ఐదంకణములు. తొమ్మిదియు ఐదును చక్రవర్తి సంఖ్యలు. కప్పునకు రెండు వరుసల చూరులు, పైన పసుపువన్నె మెరుగు పెంకులు; ఆ వన్నెయు చక్రవర్తిదే. మింగ్ కాలమున ఆకుపచ్చగా నుండిన పెంకులను 1730 నాటి పునర్నిర్మాణమున పసుపుగా మార్చుటకు యోంగ్‌జెంగ్ చక్రవర్తి అనుమతించెను. ఐనను ఒక్క మెట్టు తగ్గించిరి. పెకింగు రాజప్రాసాదమున సింహాసనమండపపు కప్పు నాలుగు వైపులకును వాలుగా దిగును; చూఫూ మండపపు కప్పు పక్కలయందు త్రికోణపు గోడతో ఆగి తరువాత దిగును. చైనా వాస్తుమర్యాదలో మొదటిది మొదటి తరగతి, రెండవది దాని తరువాతిది. గురువునకు చక్రవర్తితో సమానముగా అన్నియు నిచ్చి, కప్పు ఆకారమున మాత్రము తన యాధిక్యమును నిలుపుకొనిన ఆ లెక్క చూడుడు! మండపము చుట్టును 28 శిలాస్తంభములు, ఒక్కొక్కటి సుమారు ఆరు మీటర్లు. ముందటి పదింటిపైన మబ్బుల నడుమ ఒక ముత్యమునకై పెనగులాడు రెండేసి నాగులు ఎంత లోతుగా చెక్కబడినవనగా, స్తంభము వెనుకకు పోయి నాగులే కప్పును మోయుచున్నట్లు తోచును. చక్రవర్తి వచ్చినపుడు ఆయనకు కన్నుకుట్టకుండ ఈ స్తంభములకు పట్టుబట్ట చుట్టెడివారని ప్రతీతి; పెకింగు ప్రాసాదమున ఇట్టి స్తంభములు లేకపోవుట మాత్రము నిజము.

ఇంత మర్యాదయు పొందిన మండపమును రెండుమార్లు కాల్చినది శత్రువు కాదు, మెరుపు. 1499లోను, మరల 1724లోను పిడుగు పడి మహామండపమును చుట్టుపట్ల కట్టడములును భస్మమైనవి. కారణము కొంత ఆలోచించిన తెలియును. చుట్టును చదునైన మైదానము; దాని నడుమ మేఘమునకు సమీపమైనది మండపపు వెన్నుదూలము. విద్యుదావేశము ఎత్తైన కొనలయందు గుమికూడును గనుక పిడుగు వాటినే వెదకికొనును. లోహమైనచో ఆ ప్రవాహము చల్లగా నేలకు దిగును. కొయ్యలో అట్టి దారి లేదు. మెరుపు దారిలోని గాలి సూర్యుని ఉపరితలముకన్న మిక్కిలి వేడెక్కును. కొయ్యలోని తేమ ఒక్క పెట్టున ఆవిరియై దూలమును చీల్చివేయగా, చీలిన చోటుల నిప్పంటుకొనును. పెంకుల క్రింద చిక్కుకొనిన మంటపై ఎంత నీరు పోసినను పైనుండి జారిపోవును. వెన్నుదూలపు రెండు కొనలయందును అగ్నిబాధ లేకుండుటకై జలజంతువుల రూపములను నిలుపుట చైనావారి ఆచారము. పాపము, ఆ జంతువులు నిప్పును మ్రింగునట్టివే కాని పిడుగు మొదట తాకునదియు ఆ కొనలనే. గాలిపటముతో ప్రయోగము చేసి బెంజమిన్ ఫ్రాంక్లిను పిడుగును నేలకు దింపు లోహదండమును ప్రచారము చేసినది 1752 ప్రాంతమున. చూఫూ మండపము రెండవమారు కాలిన ఇరువది యెనిమిదేండ్లకు.

నిప్పుకు ఓడిన ఆ కొయ్యయే భూకంపమునకు ఓడలేదు. 1668 జూలై 25న షాన్‌డోంగ్ దక్షిణభాగమందలి తాన్‌చెంగ్ దగ్గర సంభవించిన భూకంపము చైనా తూర్పుభాగమున చరిత్రకెక్కిన వాటిలో మిక్కిలి ఘోరమైనది. దాని ప్రమాణము సుమారు 8.5 అని నేటి శాస్త్రజ్ఞుల అంచనా. చూఫూలో ఇండ్లు పదింట తొమ్మిది పడిపోగా, 1504 నాటి కుయ్‌వెన్ గ్రంథాలయము, మూడు వరుసల చూరులతో 23 మీటర్లు లేచిన దారుభవనము, చలింపక నిలిచెనని అచ్చటి శిలాఫలకమే సాక్ష్యమిచ్చుచున్నది. దీని మర్మము మూడు విషయములలో నున్నది. మొదటిది, గోడ బరువు మోయదు. స్తంభములును దూలములును మోయును. గోడ కూలినను ఇల్లు కూలదని చైనావారి సామెత. రెండవది, స్తంభము నేలలో పాతబడదు. రాతిదిమ్మపై వట్టిగా నిలిచియుండును. నేల కదలినపుడు అది పట్టుకొని విరుగుటకు బదులు కొంచెము ఒరిగి, కప్పు బరువుచే మరల నిలుచును. మూడవదియు ముఖ్యమైనదియు చూరుక్రింది బోదెల సమూహము, చైనా మాటలో దౌగోంగ్. స్తంభశిరమునకును దూలమునకును నడుమ, చిన్న చిన్న దిమ్మలును వాటిపై అడ్డముగా చేతులవంటి కొయ్యలును, మరల దిమ్మలును మరల చేతులును, మేకు లేక కుసియు బెజ్జమును మాత్రమే ఆధారముగా వరుసలు వరుసలుగా పేర్చబడును. మామూలు దినములలో వాటి పని చూరును ముందుకు చాపి కొయ్యగోడలను వానకు దూరముగా నుంచుట. కంపము వచ్చిన దినమున వాటి పని వేరు: వందలకొలది అతుకులలో ప్రతిదియు రవ్వంత జరిగి, రాపిడిచే కంపశక్తిని వేడిగా మార్చివేయును. కావడి మోయువాడు నడకయందు భుజము మార్చుకొనునట్లు బరువు ఒక చేతినుండి మరియొక చేతికి మారుచుండును గాని క్రింద పడదు. పైనున్న బరువైన పెంకుల కప్పు కూడ ఇందుకు తోడు. అది నొక్కిపట్టుటచేతనే ఈ అతుకులు ఊడిపోవు.

ఇట్టి నిర్మాణము ఒక్క మేస్త్రి ప్రతిభచే సాధ్యము కాదు, కొలత కావలెను. సోంగ్ ప్రభుత్వమున ఉద్యోగియైన లీ జియె రచించిన నిర్మాణగ్రంథము 1103లో ప్రకటింపబడినది. బోదెచేతి యడ్డుకోతను ప్రమాణముగా తీసికొని, ఆ ప్రమాణమునకు ఎనిమిది తరగతు లేర్పరచి, భవనముయొక్క అంతస్తును బట్టి తరగతిని నిర్ణయించి, తక్కిన ప్రతి కొయ్యను ఆ ప్రమాణపు గుణిజములలో చెప్పుట ఆ గ్రంథమార్గము. ఒక్క కొలత తెలిసినచో మందిరమంతయు తెలిసినట్లే. కాలిపోయినదానిని మరల కట్టుటకు ఇంతకన్న మంచి సాధనమేమి? ఆ ప్రమాణపు కొయ్యకు ఎత్తు పదునైదు పాళ్లు, వెడల్పు పది పాళ్లు అని నియమము. ఇందులోని సొగసును నేటి గణితమున పరీక్షింపవచ్చును. దూలపు బలము దాని వెడల్పును ఎత్తుయొక్క వర్గముచే గుణించిన లబ్ధమును బట్టి యుండును. గుండ్రని మానునుండి అత్యధికబలముగల దూలమును కోయవలెనన్న ఎత్తు వెడల్పునకు 1.414 రెట్లుండవలెనని లెక్క తేలును. లీ జియె చెప్పినది 1.5 రెట్లు. ఈ స్వల్పభేదముచే బలమున తగ్గునది నూటికి ఒక వంతు కూడ కాదు. పైగా వంగకుండుటయను గుణము కొంత పెరుగును, లెక్కయు మూడు రెండు అను తేలిక నిష్పత్తిలో ముగియును. కలనగణితము పుట్టుటకు ఇంచుమించు ఆరు శతాబ్దములకు ముందు, విరిగిన దూలములను చూచి చూచి వడ్రంగులు ఈ నిష్పత్తిని చేరుకొనిరి.

కొయ్యకు నమ్మి విడువలేనిదానిని ఆ దేశీయులు రాతికి అప్పగించిరి. మందిరమున వేయికి మించిన శిలాఫలకములున్నవి. వాటిలో పెక్కు, ఏ యేట ఎవరు ఏమి బాగుచేసిరో చెప్పు లెక్కపత్రములే. వీటిలో మిక్కిలి బరువైనది కాంగ్‌షీ చక్రవర్తి 1684లో ఇచ్చటికి వచ్చి సాష్టాంగపడిన పిమ్మట 1686లో నెలకొల్పిన ఫలకము; తాబేలువంటి పీఠముతో సహా సుమారు 65 టన్నులని అంచనా. రాయి పెకింగు పడమటి కొండలది. కాలువమార్గమున జీనింగ్ దాక పడవలపై తెచ్చి, అచ్చటినుండి శీతకాలమున దారి పొడవునను నీరు చల్లి, గడ్డకట్టిన ఆ మంచుబాటపై ఎద్దులచేతను మనుష్యులచేతను లాగించిరని చెప్పుదురు. మంచు ఉపరితలమున నీటివలె కదలాడు సన్నని పొర యొకటి యుండును గనుక రాపిడి పొడినేలపైకన్న అనేక రెట్లు తగ్గును. చక్రము విరుగు బరువును జారుడుబాట మోసినది.

మనుష్యరూపముల విషయమున మాత్రము ఈ మందిరము మొదటినుండియు వివాదగ్రస్తమే. 1530లో మింగ్ చక్రవర్తి జియాజింగ్, గురువునకు రాజబిరుద మక్కరలేదనియు, దేశమందలి మందిరములలో విగ్రహములను తీసి నామఫలకములను పెట్టవలెననియు ఆజ్ఞాపించెను. ఒక్క చూఫూలో విగ్రహములను ఉండనిచ్చిరి. అట్లు చక్రవర్తి విడిచిన విగ్రహమును 1966 నవంబరులో, సాంస్కృతిక విప్లవపు దినములలో, పెకింగునుండి వచ్చిన విద్యార్థి రెడ్‌గార్డులు పడగొట్టి దహించిరి. ఆరువేలకు పైగా ప్రాచీనవస్తువులును సుమారు వేయి శిలాఫలకములును ఆ దినములలో చెడినవి. వంశశ్మశానమందలి సమాధులను సైతము త్రవ్విరి. కట్టడములు మాత్రము నిలిచినవి. 1980లలో విగ్రహములను క్రొత్తగా చేసి నిలిపిరి. 1994లో మందిరమును, వంశీయుల నివాసమును, లక్షకు పైగా సమాధులుగల శ్మశానవనమును యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించెను. నేడు అచ్చట నున్న గురువిగ్రహము వయస్సున మనలో కొందరికన్న చిన్నది.

1935లో చైనా వాస్తుచరిత్రకు పితామహుడనదగిన లియాంగ్ సిచెంగ్ ప్రభుత్వము పనుపున ఈ మందిరమును కొలిచి, మరమ్మతు పథకమును సిద్ధపరచెను. వెనుకటి పునరుద్ధారకులు పాతదానిని తీసివేసి క్రొత్తగా, మునుపటికన్న వైభవముగా కట్టుటయే భక్తి యనుకొనిరి. లియాంగ్ ఆ పద్ధతిని ఒప్పక, ఉన్నదానిని ఉన్నట్లుగా ఇంకొంతకాలము బ్రదికించుటయే తన పని యనెను. ఆ దృష్టితో చూచువానికి చూఫూలో అన్నిటికన్న విలువైనవి మహామండపమును నాగస్తంభములును కావు. కుయ్‌వెన్ గ్రంథాలయము వెనుకనున్న పదుమూడు ఫలకమండపములు. వాటిలో తొమ్మిది చింగ్ కాలమువి, రెండు యువాన్ కాలమువి, రెండు 1195 ప్రాంతపు జిన్ కాలమువి. యాత్రికులు వాటి నడుమనుండి దాచెంగ్ ద్వారమువైపు గబగబ నడచిపోవుదురు. మీరు ఎప్పుడైన అటు పోయినచో ఒక గడియ ఆగి, మొదట చింగ్ మండపపు చూరుక్రిందను, పిదప జిన్ మండపపు చూరుక్రిందను తలయెత్తి చూడుడు. మొదటిదానిలో బోదెలు చిన్నవి, పెక్కు, రంగులతో అలంకారప్రాయములు. రెండవదానిలో అవి కొలదిపాటివి, పెద్దవి, నిజముగా బరువు మోయుచున్నవి.